రీబూట్ అయితే ఎన్‌సీటీ6775 మాడ్యూల్ దానంతట అదే లోడ్ అయితలేదు

బల్లార్షా_లినక్స్:
అన్నలూ, డెస్క్‌టాప్‌ల డెబియన్ 12 ఉంది, బోర్డు మీద నువోటాన్ సెన్సర్ చిప్. దాని డ్రైవర్ ఎన్‌సీటీ6775, కెర్నల్‌కు (లినక్స్ గుండెకాయకు) కలిసే మాడ్యూల్. ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌సీటీ6775’ కొడితే సీపీయూ ఫ్యాన్ ఆర్‌పీఎం, బోర్డు టెంపరేచర్ అన్నీ కనబడుతున్నయి. రీబూట్ చేస్తే మాయం. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి/ల సెన్సర్.కాన్ఫ్ అనే ఫైల్‌ల ఆ పేరు ఒక్క లైన్ రాసి పెట్టిన, ఫలితం లేదు. అదే సిస్టమ్‌కు పెట్టిన వైఫై డాంగిల్ డ్రైవర్ మాత్రం ఎవరూ చెప్పకుండనే లోడ్ అయితది. తేడా ఎందుకు? చంద్రపూర్ జిల్లాల ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది, ఫ్యాన్ ఆగితే వెంటనే తెలియాలె.

ప్రాణహిత_సిరొంచ:
తేడా హార్డ్‌వేర్‌లనే ఉంది. యూఎస్‌బీ, పీసీఐ పరికరాలు తమ వెండర్ నంబరు, ప్రాడక్ట్ నంబరు తామే చెప్తయి. కెర్నల్ వాటిని మోడ్‌అలియాస్ అనే ఒక వరుసగా చేసి యూడెవ్‌కు (పరికరానికి సరిపోయే డ్రైవర్‌ను లోడ్ చేయించే ప్రోగ్రాం) పంపుతది. /లిబ్/మాడ్యూల్స్/ల నడుస్తున్న కెర్నల్ పేరుతోటి ఉన్న ఫోల్డర్‌ల మాడ్యూల్స్.అలియాస్ అనే పట్టిక ఉంటది. అండ్ల సరిపోయిన మాడ్యూల్ లోడ్ అయితది. మీ చిప్ సూపర్ ఐఓ రకం, అంటే ఫ్యాన్, టెంపరేచర్ లాంటివి చూసే బోర్డు చిప్. అడగంది పేరు చెప్పదు. డ్రైవరే 0ఎక్స్2ఈ, 0ఎక్స్4ఈ పోర్టులను తట్టి చూడాలె. తట్టే డ్రైవరే లోడ్ కాకుంటే యూడెవ్‌కు కబురు ఎట్ల పోతది?

ఇక మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్ మాడ్యూల్‌ను ‘ఎట్ల’ లోడ్ చేయాలో చెప్పేది: ఆప్షన్స్, బ్లాక్‌లిస్ట్, అలియాస్ లాంటి లైన్లు అక్కడ పెడ్తరు. ఒట్టి పేరు రాస్తే ‘బ్యాడ్ లైన్’ అని పక్కన పెడ్తది. ‘ఏది’ లోడ్ చేయాలో చెప్పే చోటు వేరే:

ఎకో ఎన్‌సీటీ6775 | సుడో టీ /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి/సెన్సర్.కాన్ఫ్

ఫైల్ పేరు చివర .కాన్ఫ్ లేకుంటే అసలే చదవదు. లైన్‌కు ఒక్క పేరే, .కేఓ వద్దు, పాత్ వద్దు. రీబూట్ చేయకుండనే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డి-మాడ్యూల్స్-లోడ్’ కొట్టి, ఎల్‌ఎస్‌మాడ్‌ల చూడండి. రాకుంటే ఆ సర్వీస్ జర్నల్‌ల కారణం ఉంటది.

రాయగడ_హార్డ్‌వేర్:
పైన చెప్పింది సరైనదే. జర్నల్‌లో ‘డినై-లిస్టెడ్’ అని వస్తే ఎక్కడో బ్లాక్‌లిస్ట్ లైన్ ఉన్నట్టు. మాడ్యూల్స్-లోడ్ దాన్ని పాటిస్తుంది, చేత్తో కొట్టిన మోడ్‌ప్రోబ్ పాటించదు. అందుకే చేత్తో పనిచేసి బూట్‌లో పనిచేయని సందర్భాలు ఉంటాయి.

ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్‌ను (బయాస్ వాడే పోర్టులను డ్రైవర్లు ముట్టకుండా ఆపే కెర్నల్ సెట్టింగు) ‘లాక్స్’, అంటే సడలింపు, చేయమని నెట్‌లో చాలాచోట్ల కనిపిస్తుంది. మీకు మోడ్‌ప్రోబ్ ఇప్పటికే పనిచేస్తోంది కాబట్టి దాని జోలికి వెళ్ళొద్దండి. బయాస్, డ్రైవర్ ఒకేసారి అవే పోర్టుల మీద పడితే ఫ్యాన్ కంట్రోల్ తప్పొచ్చు. ఈ మాడ్యూల్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) పెట్టడమూ దండగే. రూట్ డిస్క్ దొరకడానికి కావలసిన డ్రైవర్లకే అది.

ఫ్యాన్ ఆగితే హెచ్చరించే స్క్రిప్టు రాసేటప్పుడు హెచ్‌డబ్ల్యూమాన్2 అని సెన్సర్ ఫోల్డర్ నంబరు నమ్ముకోవద్దు. మాడ్యూళ్ళు లోడ్ అయిన వరుసను బట్టి ఆ నంబరు మారిపోతుంది. /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్/ కింద ఒక్కో ఫోల్డర్‌లో ‘నేమ్’ ఫైల్ చదివి, చిప్ పేరు సరిపోయినదాన్నే వాడండి.

బల్లార్షా_లినక్స్:
మాడ్యూల్స్-లోడ్.డి తోటి అయింది, రీబూట్ చేసినా ఫ్యాన్ ఆర్‌పీఎం వస్తుంది. ఇంకొకటి: కెర్నల్ అప్‌డేట్ అయినంక డాంగిల్ పోయింది. దాని డ్రైవర్ డీకేఎంఎస్‌తోటి (ఒక్కో కెర్నల్‌కు మాడ్యూల్‌ను మళ్ళ తయారు చేసే పద్ధతి) ఎక్కించింది. దాన్ని కూడ ఇండ్లనే రాయాల్నా?

పర్లాకిమిడి_రూట్:
వద్దు. రాసినా లాభం లేదు, కొత్త కెర్నల్‌కి ఆ మాడ్యూలే తయారై ఉండదు. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టి, ‘యూనేమ్ -ఆర్’ చూపించే వెర్షన్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ ఉందో లేదో చూడండి. లేకపోతే ఎక్కువగా హెడర్లు (మాడ్యూల్ తయారీకి కావలసిన కెర్నల్ ఫైళ్ళు) లేకనే. లినక్స్-హెడర్స్-ఏఎండీ64 ప్యాకేజీ వేయండి, ప్రతి కెర్నల్‌తోనూ హెడర్లు వాటంతటవే వస్తాయి. తర్వాత ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’.

ఇన్‌స్టాల్డ్ అని ఉండి కూడా మోడ్‌ప్రోబ్ ‘కీ వాజ్ రిజెక్టెడ్’ అంటే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కోడ్‌ను ఆపే రక్షణ) ఆపుతోంది. ‘సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/డీకేఎంఎస్/మోక్.పబ్’ కొట్టి ఒక పాస్‌వర్డ్ ఇవ్వండి. రీబూట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది, అక్కడ ఎన్‌రోల్ మోక్ (ఆ సంతకం కీని నమ్మమని చెప్పే ఎంపిక) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ స్క్రీన్ కొద్ది సెకన్లే ఉంటుంది, కీ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్ళీ ఇంపోర్ట్ నుంచి మొదలుపెట్టాలి.