వాతావరణానికి తగ్గ ఇల్లు అంటే పడమరంతా గాజు పెట్టడమేనా?

వాలుస్థలం:
నా స్థలం వాలులో ఉంది, పైన రెండు పెద్ద బండలు, ఒక పాత చెట్టు, పడమరకి తిరిగితే లోయంతా కనిపిస్తుంది. ఆర్కిటెక్ట్ చూపించిన డిజైన్ బొమ్మల్లో అదిరిపోయింది, వాలుని చెక్కేసి చదును చేసి ఇల్లు, పడమటి గోడ మొత్తం గాజు. ఆస్ట్రేలియాలో గ్లెన్ మర్కట్ కట్టిన ఇళ్ల స్టైల్ అట. క్లైమేట్ రెస్పాన్సివ్ అని పదిసార్లు అన్నాడు గానీ ఎండ ఎటు, గాలి ఎటు అని ఒక్కసారీ ఎత్తలేదు. మా దగ్గర ఎండలు ఎక్కువ, వానలొస్తే కుండపోత, చలి అంతంతమాత్రం. సంతకం పెట్టేముందు ఏం అడగాలో చెప్పండి.

పడమటికిటికీ:
నా పేరు చూస్తేనే తెలిసిపోవాలి మీకు 😅 ఇదే తప్పు మేం చేశాం. హాల్లో పడమరకి నేల నుంచి కప్పుదాకా గాజు, సూర్యాస్తమయం చూస్తూ టీ తాగొచ్చని. రెండో వేసవికి మందం కర్టెన్లు వేశాం, అవి మధ్యాహ్నం రెండింటికి మూస్తే మళ్లీ చీకటి పడ్డాకే తీసేది, అంటే ఆ వ్యూ చూడాల్సిన టైములో మేం చూసేది కర్టెన్‌నే. ఇంకో సంగతి, కర్టెన్ లోపల ఉంటే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టే, ఆపాలంటే గాజుకి బయటే ఆపాలి.

సెక్షన్‌గీత:
మర్కట్ పేరు తీశారు కాబట్టి, ఆయనకి 2002లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద అవార్డు ప్రిట్జ్‌కర్ వచ్చింది, పేరు వాడుకునేవాళ్లు చాలామందే. మీ ఆర్కిటెక్ట్ చూసింది బహుశా మాగ్నీ హౌస్ ఫొటో అయ్యుంటుంది, 1984 నాటిది. సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఉత్తరం వైపు పొడుగునా గాజు, ఆ గాజుకి బయట లూవర్లు (ఎండని ఆపే వరస పలకలు), దక్షిణం నుంచి వచ్చే చలిగాలికి అటు దాదాపు మూసేశారు, కప్పు మీద పడ్డ వాన మధ్యలోకి జారి ట్యాంకులోకి పోతుంది. ఉత్తరం ఎందుకంటే అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉండేది ఉత్తరాన! భూమధ్యరేఖకి ఇవతల ఉన్నవాడు ఆ ప్లాన్‌ని అలాగే దించితే మొత్తం తలకిందులే. పడమర అయితే ఎక్కడైనా పడమరే, వేసవి సాయంత్రం ఎవర్నీ వదలదు.

అదే మనిషి 1994లో ఆస్ట్రేలియా ఉత్తరాన, ఉక్కపోత ప్రాంతంలో మారికా-ఆల్డర్టన్ హౌస్ కట్టాడు. అందులో కిటికీలకి గాజే లేదు. పైకి ఎత్తుకునే ప్లైవుడ్ రెక్కలు, నేల నుంచి లేపిన ఫ్లోరు, బాగా ముందుకొచ్చిన చూరు, తుఫాను వస్తే లోపలి గాలి ఒత్తిడి బయటకి పోడానికి కప్పు మీద గొట్టాలు. మరి ఈ రెండిట్లో "మర్కట్ స్టైల్" ఏదో ఆయన్నే అడగండి.

వాలుస్థలం:
థ్యాంక్స్ అండీ, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పోనీ దక్షిణానికి గాజు పెట్టి పైన సన్‌షేడ్ వేస్తే ఎంత ముందుకి రావాలి?

సెక్షన్‌గీత:
లెక్క తేలికే. 90 లోంచి మీ అక్షాంశం తీసేయండి, వేసవికి 23.5 కలపండి, చలికాలానికి 23.5 తీసేయండి, మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు వస్తుంది. ఉదాహరణకి 35 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే వేసవిలో 78.5, చలికాలంలో 31.5. అక్కడ 60 సెంటీమీటర్ల షేడ్ వేసవిలో కిందకి దాదాపు 3 మీటర్ల నీడ ఇస్తుంది, అదే షేడ్ చలికాలంలో 37 సెంటీమీటర్లే, ఎండ చక్కగా లోపలికొస్తుంది. మీ లెక్క 90 దాటిందంటే వేసవిలో కొన్నాళ్లు సూర్యుడు ఉత్తరానికి పోతాడన్నమాట, అటు కిటికీలకీ షేడ్ కావాలి. పడమరకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, సూర్యుడు కిందకి దిగి షేడ్ కింద నుంచి దూరతాడు. అక్కడ నిలువు రెక్కలో, జాలీయో, చెట్టో ఉండాల్సిందే.

ఉప్పుగాలి:
చూరు ఎక్కడైనా మంచిదే అనుకోకండి. కాలిఫోర్నియా తీరంలో సీ రాంచ్ అని ఉంది, 1965లో కట్టిన అక్కడి ఇళ్లకి చూరే లేదు, సముద్రపు గాలి అంత జోరు, చూరు ఉంటే కింద పట్టుకుని లేపేస్తుంది. అందుకే వాలు కప్పుని గోడ దగ్గరే కోసేశారు.

చెమ్మగోడ:
అందరూ ఎండ గురించే అంటున్నారు, నాకు భయమేసింది వాలు చెక్కడం దగ్గర. మాదీ అలా చెక్కి కట్టిందే. పైనుంచి వచ్చే వాననీరు మట్టిలో దిగి తిన్నగా వెనక గోడకి కొడుతుంది, మొదటి వానాకాలంలోనే మోకాలెత్తు దాకా చెమ్మ, పెయింట్ బుడగలు బుడగలుగా లేచి గోరు తగిలితే పొడి రాలేది. మూడుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, నీటికి వేరే దారి చూపించకుండా గోడకి ఎంత పూసినా ఏం లాభం, చివరికి గోడ వెనక కంకర నింపిన కాలువ తవ్వాకే తగ్గింది. వీలైతే పిల్లర్ల మీద లేపండి, నీరు కింద నుంచి పోతుంది, బండలూ ఉంటాయి.

వాలుస్థలం:
అప్‌డేట్. నిన్న సాయంత్రం నాలుగింటికి ఆర్కిటెక్ట్‌ని సైటుకి రమ్మని హాలు వచ్చేచోట రాయి మీద పడమరకి కూర్చోబెట్టా. ఐదు నిమిషాలకి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, నేనేం అనలేదు 😀 తర్వాత తనే లేచి చెట్టు కిందకి పోయి చూస్తే అక్కణ్ణుంచీ లోయ కనిపిస్తోంది, నీడలో. హాలు అటు జరిపి పిల్లర్ల మీద గీసుకొస్తానన్నాడు. ఇప్పుడు ఇంకో డౌటు, వేళ్లు తెగకుండా పిల్లర్ గుంత చెట్టు మొదలుకి ఎంత దూరంలో తీయాలి? ఎవరైనా చేసినవాళ్లున్నారా?