టియోసింటే పూతకు రాలేదు. కంకి ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
నమస్కారం. మొక్కజొన్న పూర్వీకురాలైన టియోసింటేను మా ఇంటర్ విద్యార్థులకు చూపించాలని, జూన్ నెలాఖరున ఉప్పల్‌లోని మా మేడ మీద రెండు కుండీలలో గింజలు వేశాను. నవంబరు వచ్చినా పిట్టగోడ దగ్గరి మొక్క పిలకలు వేస్తూనే ఉంది గానీ పూతకు రాలేదు. నీళ్ళ ట్యాంకు వెనకున్న దానికి జల్లు (కొసన వచ్చే మగ పూగుత్తి) వచ్చింది, కంకి మాత్రం కనబడలేదు. ఎరువులో లోపమా?

సమాధానం:
ఎరువు కాదండీ, వెలుతురే కారణమని నా అభిప్రాయం. పిట్టగోడ పక్కన వీధి దీపం ఉందేమో చూడండి. రాత్రులు పొడవైతేనే పూతకు వచ్చే మొక్క ఇది. దీని పుట్టిల్లైన మెక్సికోలోని బాల్సాస్ నదీలోయ దాదాపు మన అక్షాంశంలోనే ఉంది కనుక, ఇక్కడ కూడా పగలు 12 గంటల లోపుకు తగ్గాక పూత మొదలవ్వాలి. రాత్రంతా దీపం పడితే మొక్కకు చీకటి చాలదు. ఆ కుండీనీ ట్యాంకు వెనక్కి జరపండి.

ఇక కంకి. మొక్కజొన్నలో లాగా లావుపాటి కండె కోసం వెతికితే దొరకదు. టియోసింటేలో పక్కకొమ్మలు పొడవుగా సాగి, వాటి కొసన కూడా జల్లే వేస్తాయి. కంకులు ఆ కొమ్మల కణుపుల దగ్గర, ఆకు మొదలు కాండాన్ని చుట్టుకున్న మడతలో, సన్నగా దాగి ఉంటాయి. బయటికి కనిపించేది పీచు ఒక్కటే. మొక్కజొన్నలో కొమ్మ కురచై కొసన కండె నిలవడానికి ముఖ్య కారణం టీబీ1 అనే జన్యువు మరింత చురుకుగా పనిచేయడమేనని జన్యుశాస్త్రవేత్త జాన్ డోబ్లీ బృందం 1997లో చూపింది.

పూత ఆలస్యమైన మొక్క మీకు మరో విధంగా పనికొస్తుంది. ట్యాంకు వెనక్కి చేర్చాక కొన్నాళ్ళకు ఒక పిలకను కోసి, ఆకుల్లో ఇంకా దాగున్న లేత జల్లును సూదితో విడదీసి మైక్రోస్కోపు కింద పెట్టండి. అక్కడి పువ్వులో కేసరాలూ (మగ భాగాలు) అండకోశమూ (ఆడ భాగం) రెండూ మొలకెత్తుతాయి, తర్వాత అండకోశం ఆగిపోతుంది. కంకిలో దీనికి తిరగబడి కేసరాలు ఆగిపోతాయి. కంకిలోని ఒక్కొక్క చిరుకంకిలో (పువ్వులుండే చిన్న గుత్తిలో) రెండు పువ్వులు మొదలైనా కిందిది ఎదగదు. జంట చిరుకంకులలోనూ ఒకటే నిలుస్తుంది. అందుకే రెండు వరుసలలో 5 నుంచి 12 గింజలే ఉంటాయి. పిల్లలు ఇది కళ్ళారా చూడాలి. బొమ్మ గీసి చెబితే ఇంత నమ్మకం కలగదు.

ప్రశ్న:
ధన్యవాదాలండీ. దీపం నిజంగానే ఉంది. ట్యాంకు వెనకున్న మొక్క మూడో కణుపు దగ్గర లేత ఎరుపు పీచు కనబడింది. మడత విప్పితే ఆకుపచ్చని గింజలు ఏడు, ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్నాయి. విత్తనం ఎలా దాచాలి?

సమాధానం:
పండగానే ఆ కంకి గింజ గింజగా విడిపోయి రాలుతుంది కనుక ఇప్పుడే పలుచని గుడ్డసంచి కట్టండి. దగ్గరలో మొక్కజొన్న పూతలో ఉంటే దాని పుప్పొడితోనూ గింజ కడుతుంది, విత్తనం కల్తీ అవుతుంది. అలాంటప్పుడు పీచు బయటపడకముందే కాగితపు సంచి తొడిగి, ఈ మొక్క జల్లునే పొద్దున పీచుపై దులపండి. గింజ పైపెంకు రాయిలా గట్టిది. వచ్చే ఏడు విత్తే ముందు నెయిల్ కట్టర్‌తో కొస కాస్త తుంచి రాత్రంతా నానబెట్టండి.