ముదిరిన శుక్లానికి ఫేకోనా, ఎస్ఐసీఎస్‌నా?

మా నాన్నగారికి ఎడమకన్ను గ్లకోమాతో పోయింది. చూపున్న కుడికంట్లో శుక్లం ముదిరి గోధుమరంగుకు తిరిగింది. ఒక డాక్టరుగారు 3 మి.మీ. లోపు కోతతో ఫేకో (శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి పీల్చేసే ఆపరేషన్) చేద్దామన్నారు. ఇంకొకరేమో, ఇంత గట్టి శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పగలగొడితే కార్నియా లోపలి పొర కణాలు దెబ్బతినొచ్చు, అవి మళ్లీ పుట్టవు, 6-7 మి.మీ. కోతతో కుట్లు లేని ఎస్ఐసీఎస్ (అల్ట్రాసౌండ్ లేకుండా శుక్లాన్ని చేత్తోనే బయటికి తీసే పద్ధతి) మేలన్నారు. నాకూ అదే సబబనిపిస్తోంది. రెండూ చేసిన సర్జన్లుంటే చెప్పండి, మీరైతే దేనివైపు మొగ్గుతారు? స్పెక్యులర్ మైక్రోస్కోపీతో ఆ కణాలను ముందే లెక్కించమని అడగాలా?

ఇంకో భయం. ఆయన ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నారు. దానివల్ల ఆపరేషన్ మధ్యలో ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వదులై కంటిపాప ముడుచుకుపోవచ్చట, మందు ఆపినా ఆ ప్రమాదం పూర్తిగా పోదట. కంటిపాపను తెరిచి ఉంచే చిన్న కొక్కేలు, అంటే ఐరిస్ హుక్స్, దగ్గరుంచుకోమని డాక్టరుగారిని మేం అడగొచ్చా?