ఏషియన్ గ్రోసరీ షాపులో ఏం చూసి కొనాలి?

ప్రశ్న:
మా వీధి చివర చిన్న ఏషియన్ గ్రోసరీ షాపు ఉంది. చైనా, కొరియా, థాయిలాండ్, వియత్నాం సరుకంతా ఇరుకు వరసల్లో పైకప్పు దాకా పేర్చి ఉంటుంది. ఆకుకూరలు, పుట్టగొడుగులు సూపర్‌మార్కెట్ కన్నా తాజాగా ఉంటున్నాయని వెళ్తున్నాం గానీ మిగతా సరుకు ముట్టుకోవాలంటే టెన్షన్. సోయా సాస్ ఒక్కదానికే షెల్ఫ్ నిండా సీసాలు, సగం వాటి మీద నాకు అర్థమయ్యే అక్షరం ఒక్కటీ లేదు. ఒక బిస్కెట్ ప్యాకెట్ మీద తేదీ చూస్తే ఎప్పుడో దాటిపోయినట్టుంది, ఇంకోదాని మీదైతే ఏకంగా 2568 అని ఉంది! పైగా మేం గుడ్డు తింటాం గానీ చేప, మాంసం తినం. షాపు ఆవిడ మంచిదే, కానీ వెనక జనం నిలబడి ఉంటే అన్నీ అడగాలంటే మొహమాటం. రెగ్యులర్‌గా కొనేవాళ్ళు ఏం చూసి కొంటారో చెప్పండి. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, టోఫు (సోయా పనీర్), అంతవరకే మా లెవెల్.

జవాబు 1:
2568 థాయ్ వాళ్ళ బౌద్ధ శకం అండి. అందులోంచి 543 తీసేస్తే 2025. తైవాన్ సరుకు మీద ఒక్కోసారి 114 అని కనబడుతుంది, వాళ్ళ లెక్క 1912తో మొదలవుతుంది కాబట్టి దానికి 1911 కలపాలి, అదీ 2025నే. ఇక మీ బిస్కెట్ ప్యాకెట్ చైనాదైతే దాని మీద ఉన్నది తయారైన తేదీ అయి ఉండొచ్చు. చాలా చైనా ప్యాకెట్ల మీద కొట్టొచ్చినట్టు కనపడేది అదే, ఎన్ని నెలలు నిలవుంటుందో మాత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో వేస్తారు, 12 నెలలనో 18 నెలలనో. ఆ రెండూ కలుపుకుంటే గానీ గడువు ఎప్పటిదాకో తేలదు. వరస కూడా చైనా, జపాన్, కొరియాల్లో ముందు ఏడాది, తర్వాత నెల, ఆఖరున రోజు. 25.03.08 అని ఉంటే 2025 మార్చి 8. ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా పెడితే తేదీ పక్కనున్న అక్షరాలు తయారీ అంటున్నాయా గడువు అంటున్నాయా తెలిసిపోతుంది. దిగుమతి చేసినవాళ్ళు అతికించిన స్టిక్కర్ ఉంటే ముందు అది చదవండి, పదార్థాలు, అలర్జీ సంగతులు అందులో ఉంటాయి. ఆ స్టిక్కర్ సరిగ్గా తేదీ మీదే అతికించి ఉంటే మాత్రం నేను ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేస్తా.

జవాబు 2:
సోయా సాస్‌కి అంత కంగారక్కర్లేదు. చైనా రకాల్లో లైట్ పల్చగా, ఉప్పగా ఉంటుంది, రుచికి అదే. డార్క్ చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది, అది ప్రధానంగా రంగుకి, ఫ్రైడ్ రైస్‌లో అర చెంచా చాలు. మొదటిసారి ఒక్కటే కొనాలంటే లైట్ తీసుకోండి. సీసా తిప్పి పదార్థాలు చూడండి: సోయా గింజలు, గోధుమ, ఉప్పు, నీళ్ళు, వీటితో ముగిసిపోతే అది పులియబెట్టి చేసిన సరుకు. జాబితా మొదట్లోనే హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అని ఉంటే అది పులియబెట్టింది కాదు, ఎంత చవకైనా వద్దు. గోధుమ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే తమారి అనే జపాన్ రకం సోయా సాస్ చూడండి, అందులో గోధుమ ఉండకపోవచ్చు, ఉన్నా చాలా తక్కువ, అదైనా లేబుల్ చదివాకే.

జవాబు 3:
తేదీలు, సాసులు సరే, చేప తినం అన్నారు కదా, అసలు తిప్పలు అక్కడున్నాయి. ఓయిస్టర్ (సముద్రపు గుల్ల జీవి) సాస్ అని పేరులోనే ఉంది కాబట్టి అది ఇట్టే పట్టుబడిపోతుంది, పుట్టగొడుగులతో చేసిన వెజిటేరియన్ రకం పక్కనే ఉంటుంది. అలా పట్టుబడనివి వేరే. కొరియా వాళ్ళ ఊరగాయ కిమ్చి చూడ్డానికి క్యాబేజీయే, అందులో చాలావరకు చేప సాసో ఉప్పులో ఊరిన రొయ్యలో పడతాయి. థాయ్ కర్రీ పేస్టు డబ్బాల్లో ఎక్కువ వాటిలో రొయ్యల పేస్టు ఉంటుంది. జపాన్ సూప్ పొడి, అదే దాషీ, చాలాసార్లు ఎండు చేపతో చేసిందే, ఇన్‌స్టంట్ మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో కూడా అదే కలుస్తుంది. నూడుల్స్ ప్యాకెట్ మీద కూరగాయల బొమ్మ చూసి తీసుకోకండి, లోపలి మసాలా పొట్లం సంగతి వెనక చదవాల్సిందే. తైవాన్ ప్యాకెట్ల మీద స్వస్తిక్ గుర్తు కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ అది బౌద్ధుల గుర్తు, శాకాహారమని చెప్పడానికి వేస్తారు.

మొదటి జవాబులోని కెమెరా మాటకి ఒక హెచ్చరిక. కెమెరా ట్రాన్స్‌లేట్ తేదీ వరకు పనికొస్తుంది గానీ పదార్థాల జాబితా మీద పెడితే ఒక్కోసారి పిచ్చి రాతలు రాస్తుంది, మెరిసే కవరైతే మరీను. జనం లేనప్పుడు వెళ్ళి షాపు ఆవిణ్ణే అడగండి. "ఏది మంచిది" అని అడిగితే అన్నీ మంచివే అంటారు, "ఫ్రైడ్ రైస్‌కి మీ ఇంట్లో ఏది వాడతారు" అంటే చెయ్యి నేరుగా ఒక సీసా మీదకు పోతుంది.

జవాబు 1:
రొయ్యల పేస్టు ఉందో లేదో ఆవిడకి మాత్రం అన్ని డబ్బాల గురించీ గుర్తుంటుందా? నేనైతే కెమెరాతో చూడడం, ఆవిణ్ణి అడగడం రెండూ చేస్తా.

అడిగినవారు:
చాలా థాంక్స్ అందరికీ. కిమ్చి సంగతి అస్సలు అనుకోలేదు. టోఫు, ఫ్రీజర్ సరుకు గురించి కూడా ఎవరైనా చెప్తే వారాంతంలో వెళ్తాం. బియ్యప్పిండి కూడా అక్కడ రకరకాలుగా ఉంది.

జవాబు 4:
టోఫు: వేయించడానికి ఫర్మ్ లేదా ఎక్స్‌ట్రా ఫర్మ్ అని రాసున్న గట్టి రకం. సిల్కెన్ మెత్తగా జారిపోతుంది, సూపుల్లోకి బావుంటుంది, పెనం మీద వేసి కలిపితే ముద్దే. నీళ్ళలో ఉన్న టోఫు డబ్బా మూత ఉబ్బి ఉంటే తీసుకోవద్దు. తెరిచాక మిగిలిన ముక్కని మంచినీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టండి, నీళ్ళు రోజూ మార్చండి.

ఫ్రీజర్‌లో ప్యాకెట్‌ని చేత్తో కదిపి చూడండి. ఎడమామే (పచ్చి సోయా) గింజలు విడివిడిగా గలగలమనాలి. ఒకటే గడ్డలా ఉండి లోపల మంచు పేరుకుపోయి ఉంటే మధ్యలో కరిగి మళ్ళీ గట్టిపడి ఉండొచ్చు. అలా కరిగినవి డంప్లింగ్స్ (మోమోల్లాంటివి) అయితే ఒకదానికొకటి అతుక్కుని పగిలి ఉంటాయి, కవర్‌లోంచే తెలిసిపోతుంది.

పిండి దగ్గర మాత్రం నిదానంగా చూడండి. మూడు తలల ఏనుగు బొమ్మున్న థాయ్ బ్రాండ్ ఎరవాన్‌లో ప్యాకెట్లన్నీ ఒకేలా ఉంటాయి, అక్షరాల రంగే తేడా. ఎరుపు మామూలు బియ్యప్పిండి, ఆకుపచ్చ జిగురు బియ్యప్పిండి. ఆకుపచ్చది నీళ్ళు తగిలి ఉడికితే బంకలా సాగుతుంది, ఒకదాని బదులు ఇంకోటి వాడితే కుదరదు. కూరలకైతే సరుకు ఏ రోజు దిగుతుందో కౌంటర్ దగ్గర అడిగి ఆ రోజే వెళ్ళండి. మీకు తాజాగా కనిపించిన ఆకుకూరే అదే షాపులో ఇంకో రోజు పసుపెక్కి ఉంటుంది.