నగర ప్రయాణాలకు స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు: అదనంగా పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా?

ప్రశ్న (మియాపూర్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నేను రోజూ మియాపూర్ నుంచి కొండాపూర్ మీదుగా గచ్చిబౌలికి కారులో వెళ్లి వస్తాను. రెండు నెలలకోసారి అమ్మానాన్నలను చూడడానికి ఖమ్మం వెళ్తాము. అన్నీ కలిపి నెలకు సుమారు 1,000 కిలోమీటర్లు, అందులో 800 నగరంలోనే. పాత కారు అమ్మేసి మారుతి గ్రాండ్ విటారా గానీ టొయోటా హైరైడర్ గానీ కొనాలనుకుంటున్నాము. విద్యుత్ కారు తీసుకుందామంటే మా సెల్లారులో ఛార్జింగ్ పాయింటు పెట్టుకోవడానికి అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు. మాకిచ్చిన కొటేషన్ల ప్రకారం పెట్రోలు ఆటోమేటిక్‌కూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ (పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండే కారు) మధ్య ఆన్ రోడ్ ధరలో మూడు లక్షల తేడా ఉంది. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు కాగితం మీద రాసిన లీటరుకు 27.97 కిలోమీటర్ల మైలేజీ ట్రాఫిక్‌లో ఎంతవరకు నిలుస్తుంది? ఈ మూడు లక్షలు పెట్రోలు ఆదా రూపంలో తిరిగి వస్తాయా? బ్యాటరీ పాడైతే పరిస్థితి ఏమిటి?

సమాధానం (కూకట్‌పల్లి)

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. పేరులో హైబ్రిడ్ అని ఉన్నవన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజనుకు చేయి అందిస్తుందే తప్ప కారును తానుగా నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మాత్రం ఇంజను పూర్తిగా ఆగిపోయి ఉండగానే కారు మోటారుతో కదులుతుంది. షోరూములో అడిగేటప్పుడు ఈ తేడాను గట్టిగా పట్టుకోండి.

మా ఇంట్లో స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉంది. ఏసీ వేసుకుని నగరంలో తిరిగితే లీటరుకు 20 కిలోమీటర్ల ప్రాంతంలో వస్తోంది. అంతకుముందు వాడిన పెట్రోలు ఆటోమేటిక్ అదే దారిలో 12 దగ్గర ఆగిపోయేది. హైవే మీద ఈ అంతరం బాగా తగ్గి, హైబ్రిడ్‌కు 21, పెట్రోలుకు 17 వరకు ఉంటుంది. ఈ అంకెలను మీ ప్రయాణానికి అన్వయిస్తే, నగరంలోని 800 కిలోమీటర్లకు 67 లీటర్లు పట్టే చోట 40 లీటర్లతో సరిపోతుంది. ఖమ్మం ప్రయాణాల్లో మిగిలేది నెలకు రెండు లీటర్లకు కాస్త ఎక్కువ. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు సుమారు 3,100, ఏడాదికి 37,000 మిగులుతుంది. అంటే మూడు లక్షలు తిరిగి రావడానికి సుమారు ఎనిమిదేళ్లు పడుతుంది. ఇదే నిష్పత్తిలో నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి అయిదున్నరేళ్లు చాలు. కాబట్టి మీ విషయంలో డబ్బు లెక్క ఒక్కటే చూస్తే మొగ్గు స్పష్టంగా లేదు.

అయినా నేను హైబ్రిడ్ వైపే మాట్లాడతాను. కొత్తగూడ కూడలి దగ్గర బండ్లు అడుగులో అడుగు వేసుకుంటూ కదిలే సమయంలో ఇంజను ఆగి ఉంటుంది. ఏసీ కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది కనుక చల్లగాలి ఆగదు. కాలు బ్రేకు మీద నుంచి తీయగానే కారు కుదుపు లేకుండా, చప్పుడు లేకుండా ముందుకు జరుగుతుంది. రోజూ రెండు పూటలా అదే రద్దీలో కూర్చునేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. మామూలు కారు బ్రేకు వేసిన ప్రతిసారీ వేడిగా వృథా చేసే శక్తిలో కొంత భాగాన్ని హైబ్రిడ్ బ్యాటరీలోకి తిరిగి తీసుకుంటుంది, అందుకే పదే పదే ఆగి కదిలే నగర రోడ్లే దానికి అనువైన చోటు.

పన్నుల విషయంలో మాత్రం ఆవేదన ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పరిమాణంలోని కార్లకు, అవి పెట్రోలువైనా హైబ్రిడ్‌లైనా, ఒకటే 40 శాతం జీఎస్టీ. విద్యుత్ కార్లకు 5 శాతం. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది. తెలంగాణ అదే ఏడాది నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను ఎత్తివేసింది. నగరంలో మూడో వంతుకు పైగా ఇంధనం మిగిల్చే కారుకు ఇక్కడ కూడా ఎంతో కొంత రాయితీ ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.

సమాధానం (విజయవాడ, కార్ల మరమ్మతు వృత్తి)

బ్యాటరీ గురించి భయం అవసరానికి మించి ఉంది. మీరు చెప్పిన రెండు మోడళ్లలోనూ ఉండే హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లు, అంటే మన ఇంటి మీటరులో ఒక యూనిట్ కంటే తక్కువ. కంపెనీ దానికి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తోంది. దానికి ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేయనక్కర లేదు. టొయోటా 1997లో జపానులో ప్రియస్‌ను విడుదల చేసినప్పటి నుంచి ఈ పద్ధతి వాడుకలో ఉంది కనుక కొత్త ప్రయోగమని కూడా అనలేము.

జాగ్రత్త పడవలసింది వేరే చోట. ఈ కార్లలో పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. కారును వారాల తరబడి కదపకుండా వదిలేస్తే ముందు అదే దిగిపోతుంది, అప్పుడు పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఆన్ కాదు. బ్యాటరీని చల్లబరిచే గాలి లోపలికి వెళ్లే జాలీకి అడ్డంగా సంచులు, దుప్పట్లు పెట్టకూడదు. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా అక్కడి దుమ్ము తీయించండి. బ్రేకు పని కొంత మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు మామూలు కార్లలో కంటే ఎక్కువ కాలం వస్తాయి.

సమాధానం (డాలస్, అమెరికా)

ఇక్కడ తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఇష్టపడే టొయోటా సియెన్నా అనే పెద్ద వ్యాను 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గా మాత్రమే వస్తోంది. అదే కంపెనీ క్యామ్రీ కారు కూడా 2025 మోడల్ నుంచి అంతే. ప్రభుత్వ అంచనా ప్రకారం పాత సియెన్నా గ్యాలనుకు 22 మైళ్ల దగ్గర ఉండగా కొత్తది 36 మైళ్లు ఇస్తోంది. అంత పెద్ద బండిలో ఇంత తేడా రావడం చూశాక, ఎక్కువ కాలం ఉంచుకునేవారు హైబ్రిడ్ కొనడమే మేలని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లెక్క ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. టెస్ట్ డ్రైవ్‌లో ప్రత్యేకంగా ఏం చూడాలి?

సమాధానం (కూకట్‌పల్లి)

ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద నడిపితే మీకేమీ తెలియదు. మీరు ఆఫీసుకు బయలుదేరే సమయానికే కారు అడిగి తీసుకుని, ట్రిప్ మీటరును సున్నా చేసి, ఏసీ వేసి కొండాపూర్ రద్దీలోకి వెళ్లండి. తరువాత ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, మూడు సిలిండర్ల ఇంజను చేసే శబ్దం మీ ఇంట్లోవారికి ఇబ్బందిగా ఉంటుందేమో గమనించండి. బ్యాటరీ వెనుక భాగంలో ఉండడం వల్ల డిక్కీ పెట్రోలు మోడల్ కంటే చిన్నది, కాబట్టి ఖమ్మం వెళ్లేటప్పుడు తీసుకెళ్లే పెద్ద సూట్‌కేసును షోరూముకు తీసుకెళ్లి అందులో పెట్టి చూడండి.