క్లచ్ పెడల్ కిందే ఉండిపోతోంది, మెకానిక్ గేర్‌బాక్స్ దించమంటున్నాడు. దించాలా వద్దా?

పాతబండి_బెజవాడ:
అన్నలూ, నాది 2004 మోడల్ చిన్న పెట్రోల్ కారు, కేబుల్ క్లచ్ (పెడల్ తొక్కితే ఒక వైరు క్లచ్‌ని లాగేది), లక్షా పది వేలు తిరిగింది, నాన్న కొన్న బండి కాబట్టి అమ్మే ఉద్దేశం లేదు. రెండు వారాల నుంచి క్లచ్ తొక్కి వదిలితే పెడల్ సగం దాకా వచ్చి ఆగిపోతోంది, చెప్పు కొనతో కిందనుంచి ఎత్తితే టప్పుమని పైకొస్తోంది. పొద్దున్నే బాగానే ఉంటుంది, సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర అరగంట ఇరుక్కున్నాక ఇక చూడాలి నా అవస్థ. ఆటోనగర్‌లో ఒకతనికి చూపిస్తే ఒక్కసారి తొక్కి చూసి "క్లచ్ అయిపోయింది, గేర్‌బాక్స్ దించి సెట్టు మొత్తం వేసేయాలి, 8500 అవుద్ది" అన్నాడు. బండి మాత్రం నాలుగో గేర్‌లో కూడా జారట్లేదు, లాగుడు బాగుంది. ఏం చెయ్యమంటారు?

స్పానర్14:
దించెయ్ తమ్ముడూ. ఇరవై ఏళ్ళ బండి, ఎప్పటికైనా దించాల్సిందే. వైరు లాగే ఫోర్కు, అంటే క్లచ్‌ని విడదీసే మీట, దాని షాఫ్టు బుష్‌లు ఎండిపోయినా, ఆ మీట తోసే రిలీజ్ బేరింగ్ స్లీవ్ మీద గ్రీజు గట్టిపడినా ఇలాగే ఆగిపోద్ది, పైనుంచి ఏం కనపడదు. ఎటూ దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ అన్నీ ఒకేసారి వేస్తే లేబరు ఒక్కసారే. ఈరోజు వైరు, రేపు బుష్ అని ముక్కలు ముక్కలుగా చేస్తే ఏదో ఒకరోజు ఫ్లైఓవర్ మీద ఆగిపోతావ్.

గ్రీజుచేతులు:
ఒక్క తొక్కుడుకే 8500 చెప్పాడంటే అది చూడటం కాదు, సోది చెప్పడం. ప్లేటు అరిగితే బండి జారుద్ది, రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తది గానీ స్పీడ్ రాదు. పెడల్ తిరిగి రాకపోవడం వేరే జబ్బు. ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. ఇంజన్ ఆపి, బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పెడల్ సగంలో ఆగిపోయేదాకా తొక్కి వదులు, ఆగాక దాన్ని ముట్టుకోకుండా వైరు రెండు కొసలూ వేలితో నొక్కి చూడు. రెండు వైపులా వదులుగా వేలాడుతుంటే ఫోర్కే వెనక్కి రాలేదని, అప్పుడు స్పానర్ అన్న చెప్పింది నిజం, గేర్‌బాక్స్ దించాల్సిందే. రెండు వైపులా బిగుతుగా ఉంటే పెడల్ దగ్గర పిన్ను, బుష్ పట్టేసినట్టు. ఫోర్కు వైపు బిగుతుగా, పెడల్ వైపు వదులుగా ఉంటే వైరు లోపల ఎక్కడో ఇరుక్కుంటోంది. అన్నిటికంటే ముందు కింద మ్యాటు తీసెయ్, నవ్వకండి, మా వీధిలో ఒకాయన మ్యాటు మడతపడి పెడల్‌కి అడ్డం పడుతుంటే వారం రోజులు షెడ్డు చుట్టూ తిరిగాడు.

ఖమ్మం_డీజిల్:
మా బాబాయి వ్యానుకీ ఇదే కథ, వేడెక్కితే పెడల్ కింద ఉండిపోయేది, క్లచ్ సెట్టు వేయించాం, మూడో రోజుకే మళ్ళీ మొదలు. అది ఆయిల్ క్లచ్ అనుకోండి, వైరు బదులు పైపులో ఆయిల్ ఫోర్కుని తోస్తుంది. ఇంకో మెకానిక్ వచ్చి పెడల్ ఇరుక్కున్నప్పుడు కింద ఫోర్కుని తోసే స్లేవ్ సిలిండర్ మీదున్న బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్ బయటికి వదిలేది) లూజ్ చేస్తే ఆయిల్ చివ్వున చిమ్మి ఫోర్కు వెనక్కి పోయింది, అంటే మెకానికల్‌గా ఏం పట్టెయ్యలేదు, ఆయిలే వెనక్కి పోలేకపోతోంది. ఆ తర్వాత పైన పెడల్ వైపుండే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు లూజ్ చేస్తే ఫోర్కు కదల్లేదు, అక్కడ దొరికింది దొంగ, మధ్యలో రబ్బరు హోసు లోపల వాచిపోయింది. బయటికి కొత్తదానిలా ఉంది.

స్పానర్14:
అడిగింది కేబుల్ బండి గురించి బాబూ.

ఖమ్మం_డీజిల్:
తెలుసన్నా, దించే ముందు చూడాలి అని చెప్తున్నా అంతే.

కోనసీమ_కుర్రోడు:
ఇంత గొడవెందుకు బ్రో, వైరు పై కొసలో నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ పొయ్యి, వెన్నలా అయిపోద్ది.

గ్రీజుచేతులు:
పాతకాలం వట్టి ఇనప గొట్టం వైరుకైతే పొయ్యొచ్చు. లోపల నైలాన్ గొట్టం ఉన్న వైర్లకి వద్దు, ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుని నెలకల్లా ఇంకా గట్టిపడుద్ది.

పాతబండి_బెజవాడ:
చూశాను అన్నా. మ్యాటు కాదు. ఫోర్కు వైపు వీణ తీగలా బిగుతుగా ఉంది, పెడల్ వైపు ఊగుతోంది. వైరు ఊడదీసి ఫోర్కు చేత్తో ఆడిస్తే ఫ్రీ ప్లే (బరువు తగలక ముందుండే ఖాళీ కదలిక) వరకూ సాఫీగా కదులుతోంది, పెడల్ కూడా ఊరికే ఊగుతోంది. విప్పిన వైరు కింద పరిచి లాగితే మధ్యలో గరగరమంటోంది. ఒకచోట పైతొడుగు నల్లబడి, లోపలి తెల్ల గొట్టం కరిగి తీగకి అతుక్కుపోయింది. సైలెన్సర్ పైపు దగ్గర కాదు, దానికి జానెడు పైన, బల్క్‌హెడ్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య రేకు) వైపు.

స్పానర్14:
సరే వైరే అనుకో, మార్చుకో. నేనైతే అయినా దించుతా.

వోల్ట్‌మీటర్:
ఆగండి, అదే అసలు పాయింటు. సైలెన్సర్ తగలని చోట వైరు ఎందుకు కరిగింది? పాతబండి గారూ, మీ సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? బరువుగా మూలుగుతోందా? బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఒక లావుపాటి ఎర్తింగ్ వైరు ఉంటుంది. అది తెగినా, బోల్టు తుప్పు పట్టినా సెల్ఫ్ కరెంటు వెనక్కి పోవడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది, ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఇనుము ఇంకేముంది, క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు. సెల్ఫ్ వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, ఆ సన్నటి తీగ పొయ్యి కడ్డీలా కాలి లోపల నైలాన్‌ని కరిగించేస్తుంది. ఎర్తింగ్ చూడకుండా కొత్త వైరు వేస్తే అదీ అంతే. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాకుకి తగిలించి సెల్ఫ్ కొట్టండి. మీటరుంటే, జంపర్ తీసేసి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని బ్లాకుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి, అర వోల్టు దాటితే దారి బాలేనట్టే.

స్పానర్14:
ఇది నాకు తట్టలేదు. ముప్పై బళ్ళకి వైర్లు మార్చి ఉంటా, ఎర్తింగ్ ఒక్కసారీ చూడలా. కానీ తమ్ముడూ, ఫోర్కు బుష్ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

పాతబండి_బెజవాడ:
జంపర్ పెట్టగానే సెల్ఫ్ కొత్త బండిలా తిరిగింది, పక్కింటాయన కూడా బయటికొచ్చి చూశాడు. గేర్‌బాక్స్ మీద ఎర్తింగ్ బోల్టు తీస్తే కింద అంతా పచ్చటి పొడి, వైర్లో నాలుగైదు పోగులే మిగిలాయి. కొత్త క్లచ్ వైరు, కొత్త ఎర్తింగ్ వేశా, బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకా, ఫ్రీ ప్లే మాన్యువల్ చూసి పెట్టా. పన్నెండు రోజులైంది, పెడల్ ఒక్కసారి కూడా ఆగలేదు. గేర్‌బాక్స్ దించలేదు స్పానరన్నా, బుష్ గరగరమన్న రోజు నీకే చెప్తా.

ఒక్కటే ఇబ్బంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది చూడరా అని నాన్న ఏడాది నుంచి అంటూనే ఉన్నారు, నేను బ్యాటరీ పోయిందని చెప్పి ఆయన డబ్బుతోనే కొత్తది వేయించా. పాత బ్యాటరీ ఇంకా మెట్ల కింద ఉంది, నిన్న పెట్టి చూస్తే బండి శుభ్రంగా స్టార్ట్ అయింది. ఆయనకింకా చెప్పలేదు.