సమస్య: మామ పేరె ఘనత మనుజపతికి

పృచ్ఛకుని మాట: ఇల్లరికపుటల్లునికి మన ఊళ్లలో దక్కే మర్యాద తెలిసిందే కనుక ఈ పాదం విపరీతంగా తోచవచ్చు. మంగోలుల బిరుదుల్లో దీనికి తోవ వెదకండి. 1206లో ఓనాన్ నది ఒడ్డున తెమూజిన్ చెంగిజ్ ఖాన్ అయిన తరువాత, ‘ఖాన్’ పదవి అతని సంతతిదే అన్న నియమం స్థిరపడింది. సేనానులు ‘నొయాన్’లు, ఆ ఇంటి ఆడపడుచును పెండ్లాడినవాడు ‘గురిగెన్’, అనగా అల్లుడు. ఛందస్సు ఆటవెలది.

మొదటి పూరణ:

ఖాను బిరుదు రాదు కాని వంశజునకు
తైము రేలె భువిని భార్య వలన
చెంగిజింటి పిల్లఁ జేపట్టినందున
మామ పేరె ఘనత మనుజపతికి

పరిశీలన: భావం చక్కగా కుదిరింది. చెంగిజ్ సంతతివాడు కాని మధ్యాసియా విజేత తైమూరు 1370లో, చెంగిజ్ కొడుకు చగతాయి వంశపు ఖానుల ఇంటి సరాయ్ ముల్క్ ఖానుమ్‌ను పెండ్లాడి, పేరుకొక ఖానును గద్దెపై నిలిపి, తాను అమీరుగా, గురిగెన్‌గా చెలామణి అయ్యాడు. అతని వంశీయులైన మొగలులు ‘గురిగెన్’ నుండి పుట్టిన మాటతో తమను ‘గూర్కానీ’లమని చెప్పుకొన్నది అందుకే, 1687లో గోలకొండను పట్టినదీ ఆ అల్లుని వంశమే. అయితే రెండవ పాదంలో ‘తై’కి ‘భా’తో యతి చెల్లదు. ‘దారఁ బట్టి’ అంటే యతీ నిలుస్తుంది, ఆలి చలువ అన్న చమత్కారమూ పండుతుంది.

కవి: ధన్యవాదాలండీ, సవరించాను.

రెండవ పూరణ:

కుబిలఖాను కూఁతుఁ గొరియరాజు గొనఁగ
కొలువు నందుఁ బీఁట కొంత హెచ్చె
తనదు తండ్రి పేరు దాఁగెను మఱుగున
మామ పేరె ఘనత మనుజపతికి

పరిశీలన: ఇది నేనూహించని దారి. 1274లో చెంగిజ్ మనుమడైన కుబ్లై ఖాన్ కూతురిని పెండ్లాడి, ఆ ఏడే కొర్యో (నాటి కొరియా రాజ్యం) గద్దెనెక్కిన చుంగ్న్యోల్ కథ ఇది. ‘కొంత హెచ్చె’ అన్నది యతికోసం పడిన మాటలా లేదు. పెరిగిన పీటకు చెల్లించిన వెల అందులో ధ్వనిస్తున్నది. మూడవ పాదం వద్ద మాత్రం నాకు సందేహం. ఈ సంబంధం కోరి కుదిర్చినది తండ్రి వొంజోంగే కదా, ఆయన పేరు దాగినదనడం సమంజసమా?

కవి: ఆర్యా, తండ్రి పేరు చివరనున్న ‘జోంగ్’ అన్న రాజగౌరవం కొడుకుకు దక్కలేదు, అతని పేరు మొదట విధేయతను చెప్పే ‘చుంగ్’ వచ్చి చేరింది. దాగినదన్నది దానినే కనుక ఆ పాదం మార్చలేను.